వెళ్లిపోని గంధర్వకన్య

మా అమ్మమ్మ చెప్పిన కథల్లో దేవలోకం నుంచి దిగివచ్చిన స్త్రీ ఒక్కతె కూడా చివరిదాకా నిలవలేదు. గంగాదేవి శంతనుణ్ణి పెళ్లాడుతూ, తానేం చేసినా ఎందుకని అడగకూడదని మాట తీసుకుంది. ఎనిమిదో బిడ్డను నీళ్లలో వదలబోతున్నప్పుడు ఆయన ఆగలేక అడిగాడు, ఆమె వెళ్లిపోయింది. ఊర్వశి పురూరవుడితో కాపురం చేసింది. ఒక రాత్రి మెరుపు వెలుగులో ఇద్దరి మధ్య ఉన్న నియమం తప్పింది, ఆమె వెళ్లిపోయింది. కొలనులో స్నానానికి దిగిన దేవకన్య చీరను దాచి ఆమెను ఇల్లాలిని చేసుకున్న కుర్రవాడి కథలోనూ అంతే. పిల్లలు పుట్టి పెద్దవుతున్న కాలానికి, అటక మీద దాచిన ఆ చీర ఎలాగో ఆమె కంటపడుతుంది, కట్టుకుంటుంది, ఎగిరిపోతుంది. పిఠాపురంలో మా పెరట్లో నులకమంచం మీద పడుకుని ఈ కథలు విన్న ప్రతిసారీ నాకు ఒకటే దిగులు పట్టుకునేది.

"ఉండిపోతే ఏమయ్యేది అమ్మమ్మా?" అని అడిగేదాన్ని.

"వాళ్లకు మనలా ముసలితనం రాదు కదే. ఉండిపోతే మొగుడు తాత అయిపోతాడు, తాను పెళ్లికూతురిలాగే ఉంటుంది. ఎలా కుదురుతుంది?" అనేది అమ్మమ్మ, విసనకర్ర ఆపకుండానే.

ఆ జవాబు విన్నాక చాలాసేపు నిద్ర పట్టేది కాదు. ఎల్ఫులు అనే చావులేని అడవిజనం, మంత్రాలు, ప్రేమ కలగలిసిన ఇంగ్లీషు నవలలంటే ఈ వయసులో కూడా ఎందుకంత ఇష్టమని ఎవరైనా అడిగితే, నేను ఆ నులకమంచం దగ్గర నుంచే చెప్పడం మొదలుపెడతాను. చిన్నప్పుడు అడిగిన ఆ ప్రశ్నకు ఎక్కడైనా వేరే జవాబు దొరుకుతుందేమోనన్న వెతుకులాటే నన్ను ఈ పుస్తకాల దాకా తీసుకువచ్చింది.

మాంత్రికుల మీద మోజు పెట్టింది మాత్రం చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక నా చిన్నతనం నాటికి ఇంటింటి పత్రిక అయిపోయింది. ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ వంటి సీరియళ్లలో కొన్నిటిని నెలనెలా ఎదురుచూసి చదివాను, మరికొన్నిటిని ఎదురింటివారు బైండు చేయించి దాచుకున్న పాత సంచికల్లో చదివాను. వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు పెద్దయ్యాకే తెలిసింది. చిత్రా వేసిన బొమ్మలు మాత్రం ఆనాటి నుంచీ కళ్లలో ఉన్నాయి. కొండచరియ అంచున నిలబడ్డ గుర్రాలు, గుహలోపల మంట చుట్టూ కూర్చున్న ఆటవికులు, మాంత్రికుడి చేతిలోని దండం. ఆ లోకంలో నాకు లోటుగా తోచింది ఒక్కటే. ఇద్దరు యువకులు ఇన్ని అడవులు, ఇన్ని శిథిలాలయాలు దాటి, ఇంతమంది రాక్షసులతో పోరాడి రాజకుమార్తెను విడిపిస్తే, కథ కంచికి చేరే ముందు వారి పెళ్లి ఒక్క వాక్యంలో జరిగిపోయేది. ఆ అమ్మాయి ఏమనుకుంది, ఆ యువకుణ్ణి మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ఏమనిపించింది, దారిలో వారిద్దరూ ఏం మాట్లాడుకున్నారు, ఇవేవీ అందులో ఉండేవి కావు. పిల్లల పత్రికలో ఉండవలసినవి కావని ఇప్పుడు తెలుసు. పన్నెండేళ్లప్పుడు మాత్రం నాకు అవే కావలసివచ్చాయి.

ప్రేమ సంగతులన్నీ మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో ఉండేవి. రోజుకు పావలా ఇచ్చి నవల తెచ్చుకుని, మర్నాడు సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. అట్ట లోపలి వైపు అంటించిన కాగితం మీద తేదీలు వరసగా పడి ఉండేవి. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ వెనక ఆ కాగితం నిండిపోయి, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి అంటించి ఉండడం నాకు బాగా గుర్తు. రాజశేఖరం కోసం మా వీధిలోని ఆడపిల్లలందరూ ఎంతగా కలలు కన్నారో నేనూ అంతే కన్నాను. ఆత్మాభిమానం ఉన్న ఆడపిల్ల మనసులో ఏం జరుగుతుందో అంత దగ్గరగా చూపించిన పుస్తకాలు అంతకు ముందు నాకు తెలియవు. అయితే ఆ నవలల్లో అడవి లేదు, మాంత్రికుడు లేడు, దీపం పట్టుకుని దిగవలసిన సొరంగం లేదు. మాయ ఒక పుస్తకంలోనూ మనసు మరొక పుస్తకంలోనూ ఎందుకుండాలి, రెండూ ఒకేచోట ఎందుకుండకూడదు అన్న కోరికను చాలా ఏళ్లు పైకి చెప్పుకోలేక లోపలే దాచుకున్నాను.

ఒకే ఒక్కసారి రెండూ కలిసి దొరికాయి. కాలేజీలో మాకు ‘మనుచరిత్ర’ పాఠం ఉండేది. అరుణాస్పదపురం నుంచి ఏనాడూ కదలని ప్రవరుడు, సిద్ధుడిచ్చిన లేపనాన్ని పాదాలకు పూసుకుని హిమాలయాలకు వెళ్లిపోతాడు. మంచుకు ఆ పసరు కరిగిపోతుంది, తిరిగి రాలేకపోతాడు, అక్కడ వరూధిని కనిపిస్తుంది. మా మాస్టారు ప్రవరుడి నిష్ఠను ఎంతో గొప్పగా వివరించారు, పరీక్షలో మేమందరం అదే రాశాం. నా మనసు మాత్రం వరూధిని దగ్గరే ఆగిపోయింది. మరణం లేని స్త్రీ, ఇంటి దగ్గర అగ్నిహోత్రం వేళ మించిపోతోందని ఆరాటపడే ఒక మామూలు గృహస్థును చూసి ప్రాణం మీదికి తెచ్చుకుంది. అతడు ఆమెను పక్కకు తోసి, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి, ఇంటికి చేరుకున్నాడు. ఆ తరవాత ప్రవరుడి వేషంలో వచ్చిన గంధర్వుణ్ణి అతడేనని నమ్మింది. అల్లసాని పెద్దన ఆమె విరహాన్ని అంత శ్రద్ధగా వర్ణించారంటే ఆయనకు ఆమె మీద జాలి లేకుండా ఉంటుందా అని నాకు ఈనాటికీ అనిపిస్తుంది. అక్కడ కూడా, మర్త్యుడూ అమర్త్యురాలూ కలవలేదు.

1986లో ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చి వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో చేరాను. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గనక ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. ఆ అలవాటు ఊళ్లో నాలాంటివాళ్లు ఎందరికో ఉంది. అక్కడ ఒక వర్షాకాలపు ఉదయం, ప్లాస్టిక్ కాగితం కప్పిన గుట్టలో, వెనక అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. జె. ఆర్. ఆర్. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో సంపుటం అది. మొదటి రెండు సంపుటాలు ఆ గుట్టలో లేవు, అవి ఉంటాయని కూడా నాకు అప్పుడు తెలియదు. పన్నెండు రూపాయలు అడిగితే ఎనిమిదికి బేరమాడి తెచ్చుకున్నాను.

హాస్టల్ గదిలో మొదటి పేజీ తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరెవరో గుర్రాల మీద ఎక్కడికో పోతున్నారు, ఎవరికెవరు ఏమవుతారో తెలియదు. విసుగొచ్చి పుస్తకం చివరికి వెళ్లాను. నవల అయిపోయాక వెనక అనుబంధాలున్నాయి. రాజవంశాల చరిత్ర, సంవత్సరాల పట్టికలు, లిపుల వివరాలు, అంతా సన్న అక్షరాలు. ఆ వంశచరిత్ర మధ్యలో అయిదారు పేజీల కథ ఒకటుంది. ఆ పుస్తకాన్ని నాకు ముందు చదివి పారేసిన మనిషెవరో, ఆ ఒక్క కథ పక్కన మార్జిన్‌లో పొడవునా పెన్సిలు గీత గీసి ఉంచారు. కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని ఆ గీత వెంబడి చదివాను. ఆరగోర్న్, ఆర్వెన్‌ల కథ అది.

ఆరగోర్న్‌కు ఇరవై ఏళ్లు. సాయంకాలం చెట్ల మధ్య నడుస్తూ, పూర్వం లూథియెన్ అనే ఎల్ఫ్ రాకుమారి ఒక మానవుణ్ణి వలచిన పాటను పాడుకుంటుంటాడు. అంతలో చెట్ల నడుమ ఒక కన్య కనిపిస్తుంది. పాటలోని లూథియెనే నడిచివస్తోందనుకుని ఆ పేరుతోనే పిలుస్తాడు. ఆమె ఆర్వెన్, ఎల్ఫుల అమ్మాయి. చూడడానికి అతడి ఈడుదే అనిపిస్తుంది, కానీ ఆమె పుట్టి అప్పటికే 2,700 ఏళ్లు దాటాయి. ఆమె తండ్రి ఎల్రాండ్ ఆ కుర్రవాణ్ణి పెంచినవాడు, కొడుకులా చూసుకున్నవాడు. తన కుమార్తె అమరత్వాన్ని వదులుకోవలసి వస్తే అది ఆరగోర్న్ పూర్వీకులు ఏలిన రెండు రాజ్యాలకూ రాజైనవాడి కోసం తప్ప అంతకు తక్కువవాడి కోసం కాకూడదని ఆయన షరతు పెడతాడు. ఒక కొండ మీద, వేసవి నడిమి సాయంత్రం, ఆర్వెన్ తన వాళ్లందరూ ఓడెక్కి వెళ్లే పడమటి తీరాన్ని వదులుకుని ఇతడి వైపు నిలబడతానని మాట ఇస్తుంది. ఆ మాటకూ వారి పెళ్లికీ మధ్య 39 ఏళ్లు.

మూడు సంపుటాల నవల చాలావరకు ఆ 39 ఏళ్లలో చివరి కొద్ది నెలల కథేనని, అందులో ఆర్వెన్ కనిపించేది చాలా కొద్ది పేజీల్లోనేనని నాకు తరవాత తెలిసింది. ఆమె కథను వెనక అనుబంధంలో పెట్టినందుకు చాలామంది టోల్కీన్‌ను తప్పుపడతారు. నేను ఆ పని చేయలేను. నాకు ఆ కథ ముందు దొరికింది గనక, తరవాత మొత్తం నవల చదివినప్పుడు, అడవుల్లో మాసిన బట్టలతో తిరిగే ఆ మనిషి ఎవరి కోసం తిరుగుతున్నాడో నాకు మొదటి పేజీ నుంచే తెలుసు.

అయితే ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో నన్ను కదిలించింది వారి ప్రేమ మొదలైన తీరు కాదు, ముగిసిన తీరు. ఆరగోర్న్ మామూలు మనుషుల కంటే ఎక్కువ కాలం, 210 ఏళ్లు బతికాడు. ఇక శక్తి ఉడిగిపోక ముందే, తన ఇష్టంతో ప్రాణం విడిచిపెట్టే వరం అతడి వంశానికి ఉంది. వేళయిందని అతడు ఆర్వెన్‌తో చెబుతాడు. అన్నీ తెలిసి మానవజన్మను కోరుకున్న స్త్రీ, వేల ఏళ్ల వివేకం ఉన్న స్త్రీ, అప్పుడు అతణ్ణి ఇంకొన్నాళ్లు ఉండమని బతిమాలుతుంది. మనుషులకు చావంటే ఏమిటో, దాన్ని తప్పించుకోవాలని వాళ్లెందుకు అంత తపించారో, ఆమెకు అర్థమైంది అప్పుడే. అతడు పోయాక ఆమె నగరం విడిచి, ఒకప్పుడు మాట ఇచ్చిన ఆ కొండకు వెళుతుంది. అక్కడి ఎల్ఫులందరూ వెళ్లిపోయారు, చెట్లు వన్నె తగ్గాయి. శీతాకాలంలో ఆ కొండ మీదే పడుకుని ఆమె కన్నుమూస్తుంది.

అమ్మమ్మ ఎలా కుదురుతుందని అడిగిన ప్రశ్నకు ఇలా కుదురుతుందని ఎవరో సముద్రానికి అవతలి నుంచి జవాబు రాసినట్టు అనిపించింది. మన కథల్లో దేవకన్య తన లోకానికి తిరిగి వెళ్లి మనిషిని ఏడిపిస్తుంది. ఈమె వెళ్లలేదు. ముసలితనాన్నీ చావునూ తెలిసి తెచ్చుకుంది. మన వాళ్లెవరూ ఆ ముగింపును మార్చాలనుకోలేదని కాదు. కాళిదాసు తన నాటకంలో ఇంద్రుడి చేత ఊర్వశికి అనుమతి ఇప్పించి, పురూరవుడు బతికి ఉన్నన్నాళ్లు అతడితోనే ఉండేట్టు చేశాడు. కానీ అక్కడ కూడా ఊర్వశి ఏమీ పోగొట్టుకోదు. అతడి ఆయుష్షు తీరాక ఆమె తిరిగి వెళ్లే స్వర్గం అలాగే ఉంటుంది. ఆర్వెన్‌కు ఎక్కడికీ దారి లేదు, ఆమెను తీసుకువెళ్లవలసిన ఓడ ఎప్పుడో రేవు విడిచి వెళ్లిపోయింది.

టోల్కీన్ ఈ కథలను ఎక్కడి నుంచి తెచ్చారో తెలుసుకున్నాక నా ఇష్టం ఇంకా పెరిగింది. తల్లీతండ్రీ లేని ఆయన, పదహారేళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లో ఒకే ఇంట్లో అద్దెకుంటున్న ఎడిత్ బ్రాట్‌ను ఇష్టపడ్డారు. ఆమె కూడా అనాథే, ఆయన కంటే మూడేళ్లు పెద్దది. ఆయనకు సంరక్షకుడిగా ఉన్న ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్, ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఆమెతో ఉత్తరప్రత్యుత్తరాలు కూడా సాగించవద్దని ఆంక్ష పెట్టారు. ఆ గడువు తీరిన రోజునే, 1913 జనవరిలో, టోల్కీన్ ఆమెకు ఉత్తరం రాశారు. ఈలోగా ఎడిత్‌కు వేరొకరితో పెళ్లి నిశ్చయమైంది. ఆయన ఆమె ఉన్న ఊరికి రైల్లో వెళ్లి మాట్లాడాక ఆమె ఆ ఉంగరాన్ని వెనక్కు పంపేసింది. 1916 మార్చిలో పెళ్లి చేసుకున్నారు, కొద్ది నెలలకే ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగానికి వెళ్లారు, కందకాల్లో సోకిన జ్వరంతో తిరిగివచ్చారు. 1917లో యార్క్‌షైర్‌లోని రూస్ అనే ఊరి దగ్గర, తెల్లపూల హెమ్లాక్ మొక్కలు గుబురుగా పెరిగిన అడవిలో ఎడిత్ ఆయన కోసం నాట్యం చేసింది. అడవిలో నాట్యమాడుతున్న లూథియెన్‌ను బెరెన్ అనే ఒంటరివాడు చూసి మైమరచిపోయే ఘట్టం పుట్టింది అక్కడే.

ఇరవై ఒక్క ఏళ్లు నిండని కుర్రవాడికి పెద్దవాళ్లు పెట్టిన షరతు, ఎదురుచూసిన ఏళ్లు, యుద్ధం, ఇవన్నీ ఆ కథల్లోకి వచ్చి చేరాయని తెలియగానే ఎల్ఫ్ లోకం నాకు చాలా దగ్గరిదైపోయింది. మాయ అంతా పైన కప్పిన శాలువా, లోపల ఉన్నది ఒక ఇంటి కథ. 2017లో మా అమ్మాయి చదువు కోసం ఇంగ్లండులో ఉన్నప్పుడు, ఆక్స్‌ఫర్డ్ ఉత్తరపు అంచున ఉన్న వుల్వర్‌కోట్ శ్మశానవాటికకు ఇద్దరం వెళ్లాం. బూడిదరంగు రాయి మీద ఎడిత్ పేరు కింద లూథియెన్ అని, ఆయన పేరు కింద బెరెన్ అని చెక్కి ఉంది. ఆమె 1971లో, ఆయన 1973లో పోయారు. భార్య పేరు కింద ఆ మాట చెక్కించింది ఆయనే. ఎవరెవరో చదువరులు వచ్చి పూలు, చిన్నచిన్న ఉత్తరాలు పెట్టి వెళ్లారు. నేను ఆ రాతిని తాకి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ కథ నాకు పుస్తకంగా కాక మా ఇంటి కథగా మారింది 1990లో. ఆ ఏడు నాన్నగారు పోయారు. ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు తెల్లవారుజామున, అమ్మ ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకురావడానికి కిందికి దిగి, తిరిగి మెట్లెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. తరవాత అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. చిక్కడపల్లిలో రెండు గదుల వాటా. అమ్మకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, చీకట్లో లేచి కూర్చునేది. చిన్నప్పుడు నాకు అమ్మమ్మ చెప్పినట్టే, నేను అమ్మకు కథలు చెప్పడం మొదలుపెట్టాను.

ముందు లూథియెన్ కథ చెప్పాను. ఎల్ఫులను తెలుగులో ఏమనాలో తెలియక తడబడ్డాను. అప్సరసలంటే నాట్యం చేసి తపోభంగం చేసేవాళ్లని అమ్మ అనుకుంటుంది, యక్షులంటే నిధులు కాపలా కాసేవాళ్లనుకుంటుంది, కిన్నరులంటే గుర్రపు ముఖాలు గుర్తొస్తాయి. "పాటలు బాగా పాడతారు, అడవుల్లో ఉంటారు, చావు లేదు" అని వర్ణిస్తే, "గంధర్వులను" అని అమ్మే పేరు పెట్టింది. మా ఇంట్లో ఎల్ఫులు ఆనాటి నుంచి గంధర్వులే. లూథియెన్ తండ్రి థింగోల్, తన కూతురు కావాలంటే దుష్టరాజు మోర్గోత్ కిరీటంలోని మణిని తెమ్మంటాడు. మళ్లీ కలిసేటప్పటికి ఆ మణి నా చేతిలో ఉంటుందని బెరెన్ మాట ఇస్తాడు. వెంట వెళతానన్నందుకు తండ్రి లూథియెన్‌ను పెద్దచెట్టు మీద కట్టిన ఇంట్లో బంధిస్తే, ఆమె మంత్రంతో తన జుట్టును పెంచి, కత్తిరించి, ఆ జుట్టుతోనే నిద్ర పుట్టించే నల్లని దుప్పటి నేసి, మిగిలినదాన్ని తాడుగా పేని, కాపలావాళ్లను నిద్రపుచ్చి దిగిపోతుంది. ఇద్దరూ కలిసి మణిని సంపాదిస్తారు, కానీ తోడేలు బెరెన్ చేతిని మణితో సహా కొరికి మింగేస్తుంది. రాజు ముందుకు వచ్చి, మణి ఈ క్షణాన కూడా నా చేతిలోనే ఉందంటూ అతడు మొండిచేతిని చూపిస్తాడు. అక్కడ అమ్మ చీకట్లో "అయ్యో" అంది. నాన్నగారు పోయిన తరవాత మరొకరి కోసం అమ్మ బాధపడడం నేను విన్నది అదే మొదటిసారి.

బెరెన్ చనిపోతాడు. లూథియెన్ మృత్యులోకానికి వెళ్లి, అక్కడి అధిపతి మాండోస్ ఎదుట పాడుతుంది, ఎన్నడూ కరగని ఆయన మనసు కరుగుతుంది. "సావిత్రి కథే కదా" అంది అమ్మ. నాకూ అదే తోచింది. అయితే సావిత్రి మాటల నేర్పుతో యముడి దగ్గర వరాలు గెలుచుకుని భర్తనూ రాజ్యాన్నీ అన్నిటినీ దక్కించుకుంది. లూథియెన్ తన అమరత్వాన్ని అక్కడ వదిలేసి, బెరెన్‌తో పాటు తానూ మళ్లీ ఒకనాడు చనిపోయేట్టు ఒప్పుకుని వచ్చింది. ఆ తేడాను చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

నాలుగైదు రోజుల తరవాత ఆర్వెన్ కథ చెప్పాను. ఆరగోర్న్ చివరి ఘట్టం చెప్పాలా వద్దా అని ఆ రోజంతా ఆఫీసులో ఆలోచించాను. చివరికి ఏదీ దాచకుండా చెప్పేశాను.

"చెప్పి వెళ్లాడు కదా," అంది అమ్మ.

నేను మాట్లాడలేకపోయాను.

"వేళయిందని చెప్పాడు. ఆ పిల్ల ఉండమని అడిగింది. అడిగే అవకాశమైనా దక్కింది," అని, కొంతసేపయ్యాక, "మళ్లీ చెప్పమ్మా, ఆ కొండ మీద మాట ఇచ్చిన దగ్గర నుంచి," అంది.

మళ్లీ చెప్పాను. ఆ చలికాలంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఈ పుస్తకాలు లోకం నుంచి పారిపోవడానికని అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఎదురు చెబుతాను. టోల్కీన్ 1939లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో ఇచ్చిన ప్రసంగాన్ని తరవాత పెంచి రాసిన వ్యాసంలో, మనుషులు అల్లిన కథల్లో చావు నుంచి తప్పించుకోవాలన్న తపన ఉంటే, ఎల్ఫులు అల్లుకునే మనుషుల కథల్లో చావులేనితనం నుంచి తప్పించుకోవాలన్న తపన ఉంటుందని అన్నారు. నాన్నగారి బట్టలు మడతపెట్టి ఎవరికివ్వాలో తేల్చుకోలేక బీరువా ముందు నిలబడిన మా అమ్మ, ఆ కథలో ఎక్కడికీ పారిపోలేదు. ఆర్వెన్ పక్కన వెళ్లి కూర్చుంది.

ఆ తరవాత ఏళ్లలో ఇలాంటివి దొరికినంతమేరా చదివాను. లార్డ్ డన్సనీ 1924లో రాసిన ‘ది కింగ్ ఆఫ్ ఎల్ఫ్‌లాండ్స్ డాటర్’లో ఎల్ఫ్ రాజకుమారి లిరజెల్ ఒక మానవ రాకుమారుణ్ణి పెళ్లాడి మనుషుల ఊరికి కాపురానికి వస్తుంది. ఇక్కడి పద్ధతులు ఆమెకు ఎంతకీ అలవడవు. అత్తవారి ఊరి మర్యాదలు ఎంత నేర్చుకున్నా తప్పు పట్టించుకునే కొత్తకోడలిలా ఉంటుంది. అక్కడ ఒకటి రెండు చోట్ల నాకు మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పడిన పాట్లు గుర్తొచ్చాయి. తండ్రి పంపిన మంత్రానికి ఆమె ఆకులతో పాటు గాలిలో తేలిపోతుంది, భర్త ఏళ్లతరబడి ఎల్ఫ్ లోకపు సరిహద్దును వెతుకుతూ తిరుగుతాడు.

ఇలాంటి కథలు పాత స్కాటిష్ పల్లెపదాల్లోనూ ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది టామ్ లిన్ పాట. సెల్కిర్క్ దగ్గర కార్టర్‌హా అనే అడవిలో గులాబి కోసిన జానెట్‌కు టామ్ లిన్ ఎదురవుతాడు. అతడు నిజానికి మనిషే. గుర్రం మీద నుంచి పడిపోతే దేవకన్యల రాణి పట్టుకుపోయింది. ఏడేళ్లకోసారి ఆ లోకం నరకానికి చెల్లించే కప్పం కింద ఈసారి తననే ఇచ్చేస్తారని అతడి భయం. హాలోవీన్ రాత్రి కూడలిలో ఊరేగింపు వెళుతున్నప్పుడు తెల్లగుర్రం మీద ఉన్న తనను కిందికి లాగి, ఏమైనా సరే వదలకుండా పట్టుకోమంటాడు. జానెట్ పట్టుకుంటుంది. అతడు ఆమె చేతుల్లోనే పాము అవుతాడు, సింహమవుతాడు, ఎర్రగా కాలిన ఇనుము అవుతాడు. ఆమె వదలదు. చివరికి మనిషి మిగులుతాడు, ఆమె తన ఆకుపచ్చ పైవస్త్రం కప్పుతుంది. పెళ్లయిన కొత్తల్లో, ఆ తరవాత చాలా కష్టపు రోజుల్లో, ఈ పాట నాకు ఎన్నోసార్లు గుర్తొచ్చింది. మనిషి ఒకే రూపంలో ఉండడు. కోపంగా, భయంగా, కాల్చే మాటగా మారుతుంటాడు, అవతలివాళ్లకు మనమూ అలాగే మారుతుంటాం. ఆ పట్టుకోవడాన్ని ఈ పాట చూపించినంత సూటిగా నేను వేరే ఏ ప్రేమకథలోనూ చదవలేదు.

మా అమ్మాయి తరం చదివే నవలలకు ఇప్పుడు రొమాన్స్, ఫాంటసీ రెండూ కలిపి రొమాంటసీ అని పేరే వచ్చేసింది. సారా జె. మాస్ 2015లో తెచ్చిన ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ను తనే నా చేతిలో పెట్టింది. అందులో ఒక కథానాయకుడి పేరు టామ్‌లిన్ అని చూడగానే పాత స్నేహితుణ్ణి రైల్లో చూసినట్టయింది. వేగంగా చదివించే పుస్తకం. ఫెయ్రా అనే పేదింటి అమ్మాయి, కుటుంబం కోసం వేటాడే అమ్మాయి, నాకు బాగా నచ్చింది. అయితే ఆ పుస్తకం చివర మనిషి అమరురాలవుతుంది. ఆర్వెన్ దిగివచ్చిన మెట్లను ఈమె ఎక్కుతుంది. అది నాకు ఒక లోటుగానే తోచింది, అమ్మాయితో అదే అన్నాను. "చచ్చిపోయాకే కదమ్మా అలా అయింది, ఊరికే ఇచ్చారా?" అంది తను. ఆ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకున్నాను. అయినా నా మనసు పాత కథ వైపే ఉంటుంది. ప్రేమించినవాళ్లకు గడువు ఉందని తెలిసి, ఆ గడువులోకి తానూ నడిచివచ్చే మనిషే నాకు కావాలి.

అమ్మాయి ఆర్వెన్ కథను మొదట విన్నది నా దగ్గర కాదు, మా అమ్మ దగ్గర. అయిదారేళ్లప్పుడు దానికి అన్నం తినిపిస్తూ అమ్మ ఆ కథ చెబుతుంటే వంటింట్లో నుంచి విన్నాను. పేర్లన్నీ పోయాయి. ఎల్రాండ్ గంధర్వరాజయ్యాడు, ఆరగోర్న్ అడవుల్లో పెరిగిన రాజకుమారుడయ్యాడు. రాజు వెళ్లే ముందు భార్య చేయి పట్టుకుని, ఒక్కొక్క సంగతే, పిల్లల గురించి, పొలాల గురించి, దీపం పెట్టే వేళ గురించి, అన్నీ అప్పగించి, "వెళ్లొస్తాను" అని మరీ వెళ్లాడు. టోల్కీన్ పుస్తకంలో ఆమె కొండ మీద కన్నుమూశాక, ఆ ప్రాంతపు పూలు ఇక సముద్రానికి ఇవతల పూయలేదని ఉంటుంది. నేను అమ్మకు అలాగే చెప్పాను.

అమ్మ 2004లో పోయింది. నాలుగేళ్ల తరవాత, పద్నాలుగేళ్ల వయసులో అమ్మాయి నా పాత మూడో సంపుటాన్ని బీరువాలో నుంచి తీసి, ఆ పెన్సిలు గీత ఉన్న పేజీల దగ్గర వేలు పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఇందులో పూలు పూయలేదని ఉందే. ప్రతి ఏడూ ఆ కొండ నిండా పొగడపూలు రాలతాయని కదా అమ్మమ్మ చెప్పింది?"